ఇంట్లోని పాత గాజు వస్తువు ఏ కాలందో, ఎక్కడిదో తెలుసుకోవడం ఎలా?

చెన్నైలో ముత్యాలుపేటలోనో చూళైలోనో పాత ఇల్లు ఖాళీ చేసేటప్పుడు, పెద్దవాళ్ళు పోయాక సామాను పంచుకునేటప్పుడు, అద్దాల బీరువాలోంచి ఒక రంగు గాజు వస్తువు మీ వాటాకి వస్తుంది. ఎర్రటి పన్నీరు బుడ్డి కావచ్చు, పూల వాజు కావచ్చు, మూత ఉన్న కట్ గ్లాస్ గిన్నె కావచ్చు. దాని వెంట ఒక కథ కూడా వస్తుంది: "ఇది బెల్జియం గాజు, మీ ముత్తాత రంగూన్ నుంచి తెచ్చారు, నూటయాభై ఏళ్ళ నాటిది."

చెన్నైలోని మన తెలుగు ఇళ్ళలో పాత రంగు గాజు ఏదైనా బెల్జియందే అనడం అలవాటు. బెల్జియం నుంచి మంచి గాజు వచ్చిన మాట నిజమే. లియేజ్ పక్కన 1826లో మొదలైన వాల్ సెయింట్ లాంబెర్ట్ కార్ఖానా సరుకు చాలా దేశాలకు వెళ్ళింది. కానీ అవే బీరువాల్లో బొహీమియా (ఇప్పటి చెక్ దేశంలోని ప్రాంతం) గాజు, ఇంగ్లండు అచ్చు గాజు, జపాన్ వాజులు, మన ఫిరోజాబాద్ సరుకు కూడా ఉన్నాయి. వీటిలో ఏదీ తక్కువది కాదు. ఏదో తెలియకుండా అమ్మేయడమో, తోమి తోమి పాడుచేయడమో జరిగితేనే నాకు బాధ.

పేరు వెతకడంతో మొదలుపెట్టకండి. "లాలిక్ అయి ఉంటుందా, బకరా అయి ఉంటుందా" అని ఫ్రాన్స్‌లోని పెద్ద గాజు కంపెనీల పేర్లు అనుకున్నాక కంటికి అన్నీ అలాగే కనిపిస్తాయి. ముందు ఎలా తయారైందో చూడాలి, తర్వాత ఏ కాలందో, ఆఖరున ఎవరిదో. కాలం తేల్చడానికి రెండు హద్దులు కావాలి. "ఇంతకంటే పాతది అయ్యే వీల్లేదు" అనే హద్దు వస్తువు మీదే దొరుకుతుంది. "ఇంతకంటే కొత్తది అయ్యే వీల్లేదు" అనే హద్దు ఇంటి కాగితాల్లో, ఫోటోల్లో దొరుకుతుంది. ఈ రెండింటి మధ్య దూరం ఎంత తగ్గిస్తే అంత తెలిసినట్టు.

కడగకముందు చేయాల్సినవి

సింకు దగ్గరికి తీసుకెళ్ళకండి. పాత గాజు చేతికి రాగానే చింతపండుతోనో నిమ్మకాయతోనో, గిన్నెల సబ్బుతోనో తోమేయాలనిపిస్తుంది. ఆ ఒక్క తోముడుతో అడుగున అంటుకున్న కాగితం లేబుల్ పోతుంది, అంచు మీది బంగారు పూత లేచిపోతుంది. బకరా కంపెనీ 1860 నుంచి కాగితం లేబుళ్ళే అంటించింది. గాజులోకి ఆమ్లంతో దింపిన ముద్ర మామూలైంది 1936 తర్వాతే. వెనిస్ పక్కనున్న మురానో ద్వీపం గాజులో చాలావాటికి లేబుల్ తప్ప వేరే గుర్తే ఉండదు. లేబుల్ సగం చిరిగి ఉన్నా, అక్షరాలు వెలిసిపోయినా దాన్ని కదిలించకండి.

ముందు ఫోటోలు తీయండి. నాలుగు వైపులా, అడుగు, అంచు, లోపలి భాగం. ఒకసారి తెల్ల బట్ట మీద, ఇంకోసారి నల్ల చార్టు మీద పెట్టి తీయండి. పక్కన ఒక స్కేలు పెడితే కొలత కూడా రికార్డవుతుంది. ఇదంతా గ్రానైట్ గట్టు మీద వద్దు. నేల మీద మడతపెట్టిన దుప్పటి పరుచుకుని కూర్చోండి. చేతికి ఉంగరాలు, గాజులు ఉంటే తీసేయండి.

సామాను పెద్దగా అక్కర్లేదు. నగల పనివాళ్ళు వాడే పది రెట్ల లెన్స్ షావుకారుపేటలో దొరుకుతుంది. అతినీలలోహిత టార్చి, అంటే నోట్లు చెక్ చేసే ఊదా రంగు టార్చి, రిచ్చీ స్ట్రీట్‌లో అడిగితే ఇస్తారు. మామూలు టార్చి, వంటింటి డిజిటల్ తూకం, గట్టి దారం ఇంట్లోనే ఉంటాయి.

ఎలా తయారైంది?

ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. పేరు, ముద్ర ఏమీ లేని వస్తువు గురించి కూడా సగం సంగతి ఇక్కడే తెలుస్తుంది.

కళ్ళు మూసుకుని వేలితో పైనుంచి కిందికి తడమండి. సన్నటి గీత లాంటి ఎత్తు తగిలిందా? రెండు మూడు చోట్ల, సమాన దూరంలో, నిలువుగా ఉంటే అది అచ్చు అతుకు. అప్పుడు వేలు లోపల పెట్టి చూడండి. బయట ఎన్ని పూలూ గళ్ళూ ఉన్నా లోపల నున్నగా ఉంటే, కరిగిన గాజును అచ్చులో పోసి లోపలి నుంచి దిమ్మెతో నొక్కి చేసింది. దీన్ని ప్రెస్డ్ గ్లాస్ అంటారు. ఇది 1820ల్లో అమెరికాలో పెద్ద ఎత్తున మొదలై ఇంగ్లండుకి, యూరప్‌కి పాకింది. బయట ఉబ్బిన చోటల్లా లోపల పల్లంగా ఉంటే, అచ్చులో పెట్టి ఊదింది. అతుకు గీత ఎక్కడా లేకపోతే గొట్టంతో ఊది, చేతితో మలిచింది అయ్యుండొచ్చు. అయితే కొన్ని అతుకుల్ని డిజైన్ మూలల్లో దాచేస్తారు, కొన్నిటిని అరగదీసి నున్నగా చేస్తారు. అందుకని టార్చి పక్కవాటుగా వేసి ఇంకోసారి చూడండి.

ఇప్పుడు తిరగేయండి. ఊదిన గాజును ఆఖరి పని కోసం ఒక ఇనుప కడ్డీకి అడుగున అంటిస్తారు. పని అయ్యాక విరిచి తీసేస్తే అక్కడ గరుకైన మచ్చ మిగులుతుంది. దాన్ని పాంటిల్ మచ్చ అంటారు. ఖరీదైన సరుకులో ఆ గరుకును సాన పట్టి గుండ్రటి నున్నటి పల్లం చేస్తారు. అడుగు మధ్యలో రూపాయి బిళ్ళంత గుంట మెరుస్తూ ఉంటే అదే. కానీ పాంటిల్ మచ్చ కనబడగానే పాతదని నిర్ణయించుకోకండి. చేతితో ఊదేవాళ్ళు ఈ రోజుకీ ఆ మచ్చ వదులుతున్నారు. అది పని విధానానికి సాక్ష్యం, వయసుకి కాదు.

గాజులో చిన్న బుడగలు ఉంటే పాతదన్న మాట కూడా చాలామంది చెబుతారు. పగిలిన గాజును మళ్ళీ కరిగించి చేసే నేటి చవక సరుకులోనూ బుడగలు బోలెడుంటాయి. దీన్ని నమ్మి ఏదీ తేల్చకండి.

కట్ గ్లాస్ అనుకున్నది నిజంగా కోసిందా, అచ్చులో నొక్కిందా అన్నది వేలి కొసకి తెలుస్తుంది. తిరిగే చక్రం మీద కోసిన గాడి అంచు పదునుగా, కొస గుచ్చుకునేలా ఉంటుంది. అచ్చులో నొక్కిన దాని అంచులు మెత్తగా, కొంచెం కరిగినట్టు ఉంటాయి. లెన్స్‌తో ఒక నక్షత్రం మధ్యభాగం చూడండి. చేత్తో కోసినప్పుడు గీతలన్నీ అచ్చంగా ఒకే బిందువు దగ్గర కలవవు. ఒకటి వెంట్రుకవాసి ముందే ఆగిపోతుంది, ఇంకొకటి కొంచెం దాటిపోతుంది. అచ్చులో పోసిన నక్షత్రాలన్నీ ఒకదానికొకటి నకళ్ళే. ఇంకో తికమక ఉంది. ముందు అచ్చులో రూపం తీసుకుని తర్వాత గాళ్ళను చక్రం మీద పదును పెట్టిన సరుకు కూడా ఉంది. అలాంటిదానిలో గాడి పదునుగా ఉన్నా, దాని పక్కనో లోపలో అచ్చు గుర్తులు దొరుకుతాయి.

రంగు గాజులోనే ఉందా, పైపూతా?

మన ఇళ్ళలో ఎక్కువగా కనిపించేది ఎరుపు. ఆ ఎరుపు నాలుగు రకాలుగా రావచ్చు. గాజు మొత్తం ఎర్రగా కరిగించి ఉండొచ్చు. బంగారం కలిపి తెచ్చే ఆ దానిమ్మ రంగును పదిహేడో శతాబ్దంలో జర్మనీలో యోహాన్ కుంకెల్ పెద్ద పేరు తెచ్చుకునేలా చేశాడు. రంగులేని గాజు మీద ఎర్ర గాజు పొర ఎక్కించి ఉండొచ్చు. రాగి ఉప్పు పూసి మళ్ళీ కాల్చి ఉండొచ్చు. 1830ల్లో బొహీమియాలో ఫ్రీడ్రిక్ ఎగెర్మన్ ఈ పద్ధతిని నిలబెట్టాడు. ఇవేవీ కాక, చల్లారిన గాజు మీద ఉత్తి రంగు వేసి కూడా ఉండొచ్చు.

అంచు దగ్గర టార్చి పెట్టి పక్క నుంచి చూడండి. మందంలో అంతటా ఎరుపే ఉంటే గాజే ఎర్రది. తెల్ల గాజు మీద ఎర్రటి పొర చారలా విడిగా కనిపిస్తే పొర ఎక్కించింది. పొర అనేదే కనబడకుండా, ఎక్కడో చిన్న గీత పడ్డ చోట తెలుపు తేలితే పూసి కాల్చింది. జింకలు, కోటలు, ద్రాక్ష తీగలు ఆ ఎరుపును గీకి తెల్లగా తేల్చినట్టుంటే, అది బొహీమియా పద్ధతి అని ధైర్యంగా రాసుకోవచ్చు. ఆ పద్ధతిలో పందొమ్మిదో శతాబ్దం నుంచి ఇటీవలి దాకా సరుకు వస్తూనే ఉంది కాబట్టి కాలం మాత్రం ఇంకా తేలలేదు.

ఇంద్రధనుస్సు మెరుపున్న నారింజ రంగు గాజు దొరికితే కార్నివాల్ గ్లాస్ అంటారు. అచ్చులోంచి తీసిన వేడి గాజు మీద లోహపు ఉప్పు చిలకరిస్తే ఆ మెరుపు వస్తుంది. అమెరికాలో ఇది 1907, 1908 ప్రాంతంలో మార్కెట్‌కి వచ్చింది, కాబట్టి మీ కార్నివాల్ వాజు నూటయాభై ఏళ్ళదయ్యే అవకాశమే లేదు. మన దేశంలో ఫిరోజాబాద్‌లోని జైన్ గ్లాస్ వర్క్స్ ఈ రకం వాజులు చేసింది. చెయ్యి పూల వాజును పట్టుకున్నట్టున్న రూపం, ఏనుగు రూపం వాటిలో ప్రసిద్ధం. పెరంబూరులో మా పెద్దమ్మ దగ్గర చెయ్యి రూపం వాజు ఒకటి ఉంది. ఎప్పుడడిగినా "బెల్జియందే నాయనా, మా మామగారు చెప్పారు" అనేది. అడుగున టార్చి ఏటవాలుగా వేస్తే జైన్ అన్న ఇంగ్లీషు అక్షరాలు ఉబ్బెత్తుగా కనిపించాయి. విదేశాల్లో కార్నివాల్ గాజు సేకరించేవాళ్ళు ఈ భారతీయ వాజుల్ని ప్రత్యేకంగా వెతుక్కుంటారని చెప్పాక ఆవిడ దాన్ని బీరువాలో ముందు వరసలోకి మార్చింది.

అరుగుదల, అతుకులు

వాడిన వస్తువు అడుగున అరుగుదల ఉండాలి. బల్లకు ఆనే అంచు మీద మాత్రమే, అన్ని దిక్కులకూ పోయే సన్నటి గీతలు లెన్స్‌లో కనిపిస్తే అది ఏళ్ళ తరబడి జరిపిన, తుడిచిన గుర్తు. గీతలన్నీ ఒకే దిక్కుకి ఉంటే, బల్లకు ఆనని గుంటలో కూడా గీతలుంటే ఎవరో గరుకు కాగితంతో రుద్దారేమో అనుకోవాలి. ఎప్పుడూ బీరువాలోనే ఉన్న వస్తువుకి అరుగుదల తక్కువుంటుంది, దాన్నిబట్టి నకిలీ అనేయకండి.

మూతి అంచు మిగతా భాగాల కంటే చదునుగా, పదునుగా, ఎత్తు కొంచెం పొట్టిగా అనిపిస్తే విరిగిన అంచును సాన పట్టి దింపారని అర్థం. మూత ఉన్న సీసాలు, డికాంటర్లు అయితే మూత కాడ మీద, సీసా మెడ మీద లెన్స్‌తో వెతకండి. ఒక్కో మూతను దాని సీసాకే అరగదీసి సరిపెట్టేవాళ్ళు కాబట్టి, రెండిటి మీదా ఒకే అంకె గీకి ఉండటం మామూలు. అంకెలు వేరైతే మూత మారిపోయింది. మూత బిగుసుకుపోయి ఉంటే బలం వాడకండి. మెడ చుట్టూ ఒక చుక్క నూనె వేసి రాత్రంతా వదిలేసి, పొద్దున మెల్లగా తిప్పండి.

ముద్రలు, అక్షరాలు, నంబర్లు

ముద్ర చాలాసార్లు ఉండాల్సిన చోట ఉండదు. అడుగున ఉండే పాంటిల్ గుంటలో, కాలు అంచు మీద, గిన్నె లోపలి అడుగులో, ఆకుల డిజైన్ మధ్యలో కూడా వెతకాలి. గాజు మీద ఊపిరి ఊదితే, ఆ ఆవిరిలో ఆమ్లంతో వేసిన వెలిసిన ముద్ర ఒక్క క్షణం తేలుతుంది. ఫోన్ కెమెరా సిద్ధంగా పెట్టుకుని ఊదండి.

ఇంగ్లండు అచ్చు గాజుకి మంచి వసతి ఉంది. 1842 నుంచి 1883 దాకా అక్కడ రిజిస్టరైన డిజైన్ల మీద డైమండ్ ఆకారపు గుర్తు వేశారు. దాని నెత్తిన చిన్న వలయంలో రోమన్ మూడు ఉంటే గాజు అని. మూలల్లో ఉండే అక్షరాలూ అంకెలూ సంవత్సరం, నెల, తేదీ చెబుతాయి. సంవత్సరపు అక్షరం 1867 వరకు పై మూలలో, 1868 నుంచి కుడి మూలలో ఉంటుంది. ఆ అక్షరాలు అకారాది వరసలో పోవు, పట్టిక చూసే చదవాలి. 1884 నుంచి డైమండ్ పోయి, ఆర్‌డీ (Rd) అనే రెండు అక్షరాల తర్వాత నంబరు మొదలైంది. 1890 మొదటికి ఆ నంబర్లు 1,41,273కి, 1900 మొదటికి 3,51,202కి చేరాయి. మీ గిన్నె మీద 2,00,000 దగ్గర నంబరుంటే ఆ డిజైన్ 1892లో రిజిస్టరైందన్న మాట. ఇది డిజైన్ రిజిస్టరైన తేదీయే, మీ గిన్నె తయారైన తేదీ కాదు. అదే అచ్చుతో తర్వాత ఇంకొన్నేళ్ళు సరుకు తీసి ఉండొచ్చు. కాబట్టి దీన్ని "ఇంతకంటే పాతది కాదు" అనే గడిలోనే రాసుకోండి. ఈ రిజిస్టర్లు లండన్ శివారు క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉన్నాయి. నంబరు దొరికితే కంపెనీ పేరు కూడా తేలుతుంది.

ఇంగ్లండు ఉత్తరాన ఉన్న అచ్చు గాజు కంపెనీలు బొమ్మ ముద్రలు కూడా వేశాయి. నెమలి తల కనిపిస్తే గేట్స్‌హెడ్‌కి చెందిన సోవర్‌బీ. బురుజులోంచి పైకి లేచే సింహమైతే అదే ఊరి జార్జ్ డేవిడ్‌సన్. సింహం చేతిలో గొడ్డలి పట్టుకుని ఉంటే సండర్లాండ్‌కి చెందిన గ్రీనర్. ఇవి కాణీ అంత కూడా ఉండవు, అచ్చు అరిగిపోతే మచ్చలా కనిపిస్తాయి. లెన్స్ లేకపోతే ఏదో లోపం అనుకుని వదిలేస్తారు.

దేశం పేరు కూడా మంచి హద్దు. చెకొస్లొవేకియా అని ఉంటే 1918కి ముందుది కానే కాదు, ఆ దేశమే లేదు. వెస్ట్ జర్మనీ అంటే 1949 తర్వాతది. ఆక్యుపైడ్ జపాన్ అంటే 1945 నుంచి 1952 లోపలిది. అమెరికాకు వెళ్ళే సరుకు మీద దేశం పేరు ఉండాలనే చట్టం 1890లో వచ్చింది. చాలా కార్ఖానాలు అమెరికాకీ మనకీ ఒకే సరుకు పంపేవి కాబట్టి మన దగ్గరి వస్తువుల మీద కూడా ఆ పేరు కనిపిస్తుంది. అయితే దేశం పేరు లేనంత మాత్రాన 1890కి ముందుదని అనుకోకండి, మనకి వచ్చిన సరుకుకి ఆ నిబంధన లేదు.

పెద్ద పేర్ల విషయంలో గట్టిగా అనుమానించండి. రెనె లాలిక్ 1945లో పోయారు. ఆర్ అక్షరంతో కలిపి ఆర్ లాలిక్ అని రాసేది ఆయన బతికున్న కాలంలో. తర్వాత లాలిక్ అని మాత్రమే. పైన ఆర్ అక్షరం కొత్తగా గీకి చేర్చే మోసం కూడా ఉంది కాబట్టి, ఆ అక్షరం లోతు, తీరు మిగతా అక్షరాలతో పోల్చి చూడండి. పొరలు చెక్కిన ఫ్రెంచ్ వాజు మీద గాలె అని ఉంటే ఇంకా జాగ్రత్త. ఎమిల్ గాలె 1904లో పోయాక కార్ఖానా కొన్నాళ్ళు పేరు పక్కన నక్షత్రం వేసింది. ఆ పేరుతో ఇటీవల వచ్చిన నకళ్ళు లెక్కలేనన్ని. పేరు ఒక్కటే ఆధారంగా ఉంటే అది ఆధారం కాదనే నా అభిప్రాయం. పొర, కోత, అరుగుదల అన్నీ పేరుతో సరిపోవాలి. పాత షాండ్లియర్ల, దీపాల విషయంలో మాత్రం ఒక పేరు తప్పక వెతకండి: బర్మింగ్‌హామ్‌కి చెందిన ఆస్లర్. 1807లో మొదలైన ఆ కంపెనీకి కలకత్తాలో సొంత షోరూమే ఉండేది, మన దేశపు జమీందారీ ఇళ్ళకి సరుకు అక్కడి నుంచే వెళ్ళింది. లోహపు భాగాల మీద దాని పేరు ఉండొచ్చు.

టార్చి, తూకం

రాత్రి దీపాలు ఆర్పి ఊదా టార్చి వేయండి. పసుపు లేదా పసుపు కలిసిన ఆకుపచ్చ గాజు ఒక్కసారిగా లేత ఆకుపచ్చగా భగ్గున వెలిగితే అందులో యురేనియం ఉంది. బొహీమియాలో 1830ల్లో యోసెఫ్ రీడెల్ ఈ గాజును జనంలోకి తెచ్చాడు. రెండో ప్రపంచ యుద్ధంలో యురేనియం ప్రభుత్వాల చేతుల్లోకి పోయాక తయారీ దాదాపు ఆగి, తర్వాత కొద్దిగా మళ్ళీ మొదలైంది. వెలిగిందని టెన్షన్ పడకండి. బీరువాలో అలంకారానికి ఉంచడంలో ప్రమాదం లేదు. తినడానికి, తాగడానికి మాత్రం వాడొద్దు. వెలుగు మసక మసకగా ఉంటే మాంగనీసుది కావచ్చు, యురేనియం అని రాసుకోకండి. ఇదే టార్చి అతుకుల్ని కూడా పట్టిస్తుంది. చాలా రకాల జిగురు తెల్లగానో నీలంగానో మెరుస్తుంది.

సీసం కలిపిన క్రిస్టలా, మామూలు గాజా? వేలితో కొడితే ఖంగుమంటే క్రిస్టల్ అంటారు. పల్చటి మామూలు గాజు కూడా మోగుతుంది, మందపాటి క్రిస్టల్ గిన్నె మోగదు. దానికంటే తూకం నిజం చెబుతుంది. ముందు వస్తువును పొడిగా తూచి రాసుకోండి. తూకం మీద నీళ్ళ గిన్నె పెట్టి సున్నా చేయండి. వస్తువుకి దారం కట్టి, గిన్నె అడుక్కీ పక్కలకీ తగలకుండా, లోపల గాలి లేకుండా పూర్తిగా ముంచి పట్టుకోండి. అప్పుడు కనిపించే గ్రాములే దాని ఘనపరిమాణం. ఉదాహరణకి పొడిగా 620 గ్రాములున్న గిన్నె నీళ్ళలో 205 చూపిస్తే, 620ని 205తో భాగించండి, 3.02 వస్తుంది. మామూలు గాజు 2.5 దగ్గర ఉంటుంది. 2.9 దాటితే సీసం గట్టిగా ఉన్నట్టే. సీసం గాజును ఇంగ్లండులో జార్జ్ రావెన్స్‌క్రాఫ్ట్ 1674లో పేటెంట్ చేశాడు, కాబట్టి ఇది కూడా వయసు కాదు, జాతి చెబుతుంది. బంగారు పూత, లోహపు పట్టీ, అతుకు, పగుళ్ళు ఉన్న వస్తువుకి ఈ పరీక్ష వద్దు. సీసం క్రిస్టల్ గిన్నెల్లో ఊరగాయలు, పండ్ల రసాలు నిలవ పెట్టకండి.

ఇంటి ఆధారాలు

ఇప్పుడు కథ దగ్గరికి రండి. పెద్దవాళ్ళని "ఇది ఎన్నేళ్ళది?" అని అడిగితే అందరూ వంద అంటారు. "నీకు ఊహ తెలిసేటప్పటికి ఇది ఏ గదిలో ఉండేది అత్తయ్యా? పన్నీరు చల్లింది ఎవరి పెళ్ళిలో?" అని అడగండి. జ్ఞాపకం గదికి, పెళ్ళికి అతుక్కుని ఉంటుంది. పాత పెళ్ళి ఫోటోల్లో వధూవరుల వెనక బల్ల మీద ఆ వాజు కనిపిస్తే అంతకు మించిన సాక్ష్యం లేదు. ఆ పెళ్ళి తేదీ మీ రెండో హద్దు. శుభలేఖ దాచి ఉంటే తేదీ అందులోనే ఉంటుంది. రంగూన్ కథ ఉంటే, 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాక వేలాది తెలుగువాళ్ళు ప్రాణాలు దక్కితే చాలని బయల్దేరిన సంగతి గుర్తుంచుకోండి. వాళ్ళలో చాలామంది కాలినడకన వచ్చారు. అప్పుడు గాజు వాజు వచ్చిందా, అంతకుముందు సెలవులకి ఓడలో వచ్చినప్పుడు తెచ్చారా అని అడగడం న్యాయమైన ప్రశ్న.

కథ 1912 అని, అడుగున చెకొస్లొవేకియా అని ఉంటే అడుగునే నమ్మండి. పెద్దవాళ్ళు అబద్ధమాడారని కాదు. ఒకే బీరువాలోని రెండు వస్తువుల కథలు కలిసిపోవడం ఏ ఇంట్లోనైనా జరుగుతుంది. ఆ కథ సరిపోయే వస్తువు అక్క వాటాలోనో బాబాయి వాటాలోనో ఉందేమో కనుక్కోండి.

పోల్చి చూడటం

ఇంత రాసుకున్నాకే ఫోన్‌లో గూగుల్ లెన్స్ తెరవండి. అది రూపం పోలిక చూపిస్తుంది, అంతే. అమెరికాలోని కార్నింగ్ గాజు మ్యూజియం, లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం తమ వస్తువుల ఫోటోలు ఉచితంగా చూడనిస్తాయి. మీ నోట్సులోని పద్ధతి, రంగు, ఎత్తు, కాలం నాలుగూ వాటితో సరిపోవాలి. పుస్తకాల కోసం ఎగ్మూరులో కన్నెమరా లైబ్రరీ ఉంది. పక్కనే ప్రభుత్వ మ్యూజియం ఉంది కానీ, ధర కట్టడం మ్యూజియం పని కాదు. ధర కావాలంటే వేలంలో నిజంగా అమ్ముడుపోయిన రేట్లు చూడండి. అమ్మేవాళ్ళు అడిగే రేట్లు ఎంతైనా ఉండొచ్చు. వస్తువు కొంటానన్నవాళ్ళనే దాని విలువ అడగకండి.

కడగడం, దాచడం

చెన్నై బోరు నీళ్ళు గాజు మీద తెల్లటి చారలు వదులుతాయి. పూత లేని గాజు మీద ఆ చారలైతే నీళ్ళు కలిపిన వెనిగర్‌తో పోతాయి. ప్లాస్టిక్ టబ్బులో తువ్వాలు వేసి, గోరువెచ్చని నీళ్ళతో, చేత్తో కడిగి, ఆఖరున క్యాన్ వాటర్‌తో జాడించండి. వెనిగర్‌కి పోని మసక, తడిపితే మాయమై ఆరగానే తిరిగొచ్చే మసక అయితే గాజు ఉపరితలమే తేమకి దెబ్బతిన్నదని అర్థం. లెన్స్‌లో వెంట్రుకల్లాంటి పగుళ్ళ వల, ముట్టుకుంటే జిడ్డు కనిపిస్తే ఇక నీళ్ళు తగలనివ్వకండి. సముద్రపు తేమ తక్కువ తగిలే లోపలి గదిలో, గాలాడే బీరువాలో ఉంచండి. బంగారు పూత, రంగు పూలు ఉన్నవాటిని మెత్తటి పొడి బ్రష్‌తో దులిపితే చాలు.

పంచుకోవడం, విదేశాలకు పంపడం

జత వస్తువుల్ని విడదీయకండి. రెండు పన్నీరు బుడ్లు తలొకటి తీసుకోవడం న్యాయంగా కనిపిస్తుంది, కానీ జతగా ఉన్నప్పటి విలువ, రేపు పరిశోధనకి పనికొచ్చే ఆధారం రెండూ పోతాయి. ఒకరికి జత, ఇంకొకరికి వేరే వస్తువు అనుకోండి.

అమెరికాలో ఉన్న చెల్లెలు సూట్‌కేసులో పెట్టుకుపోతానంటే ముందు ఆగమనండి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు నిండిన కళా వస్తువు పురావస్తువు కిందికి వస్తుంది; దాన్ని సొంతంగా దేశం దాటించడం నేరం. ఇంట్లో ఉంచుకోవడానికి అడ్డు లేదు. వందేళ్ళు నిండలేదని మీ పరిశీలనలో తేలితే, పురావస్తువు కాదని సర్టిఫికెట్ కోసం భారత పురావస్తు శాఖకు దరఖాస్తు పెట్టాలి. చెన్నై సర్కిల్ కార్యాలయం ఫోర్ట్ సెయింట్ జార్జ్‌లోనే ఉంది. ఫోటోలు, కొలతలు, అడుగున కనిపించిన ముద్ర, పెళ్ళి ఫోటో నకలు జతచేసి, ప్రయాణానికి చాలా ముందే వెళ్ళండి. సర్టిఫికెట్ చేతికి వచ్చాక మూతను విడిగా, సీసాను విడిగా చుట్టి, చేతి సామానులోనే తీసుకెళ్ళమనండి.